అభిమానంలేని సాక్షులు కావలెను

ఏటిగట్టుపాలెం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో విల్లు రిజిస్టరు చేయించుకోవడం ఒకప్పుడు జుట్టు కత్తిరించుకున్నంత తేలిక. ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద నలుగురైదుగురు పెద్దమనుషులు పొద్దున్నే స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, జేబుల్లో పెన్నులతో తయారుగా కూర్చునేవారు. వాళ్ళ వృత్తి సాక్షి సంతకాలు. ఎవరు ఎవరికి ఏం రాసిచ్చినా సరే, ఓ టీ, రెండు గారెలు ఇప్పిస్తే చాలు. రాసిన మనిషిని చిన్నప్పటినుంచీ ఎరుగుదుమని సంతకం పెట్టేసి, మళ్ళీ వచ్చి పేకముక్కలు అందుకునేవారు. ఎవరికీ ఏ బాధా ఉండేది కాదు.

అంత సుఖమైన ఏర్పాటుని గవర్రాజనే సాక్షి పాడుచేశాడు. ఓ విల్లు కోర్టుకెక్కింది. ఆయన్ని బోనులో నిలబెట్టి, "ఆ విల్లు రాసింది ఆడమనిషా, మగమనిషా?" అని ప్లీడరు అడిగితే, "అందులో ఎలా రాసుందండి?" అని ఎదురు అడిగాడట. జడ్జిగారు మండిపడ్డారు. ఆ మంట జిల్లా ఆఫీసుదాకా పాకింది. వాళ్ళు ఏటిగట్టుపాలెం సబ్ రిజిస్ట్రారు పరాంకుశంగారిని ఏదో కొండమీది ఊరికి శిక్షణకు పంపారు. వెళ్ళేటప్పుడు ఆయన మామూలు మనిషిగానే వెళ్ళాడు. వచ్చేటప్పుడు మాత్రం నాణ్యత అనే మాటని వెంటబెట్టుకొచ్చాడు.

ఇంకేం, ఆఫీసు గోడమీద ఓ పెద్ద బోర్డు వెలిసింది. "నాణ్యమైన సాక్షి, నిశ్చింతైన మరణం." దానికింద చిన్న అక్షరాలతో, సాక్షుల యోగ్యతా నిర్ధారణ విభాగం. షెడ్డు కింద పేక ఆగిపోయింది.

ఆ బోర్డు రంగు ఆరకముందే దానికిందకి వచ్చిపడ్డారు నర్సు వరహాలమ్మా, ఆయా తాయారూ.

వరహాలమ్మ ఆ ఊరి సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. తాయారు అక్కడే ఆయా. ఊళ్ళో సగంమంది మొదటి ఏడుపు ఏడ్చింది వరహాలమ్మ చేతుల్లో. వాళ్ళకి మొదటి స్నానం పోసింది తాయారు. తాయారు మొగుడు ఆమెను వదిలేసి ఎటో పోయిన ఏడాది వరహాలమ్మ ఆమెను తన ఇంటికి తెచ్చుకుంది. తర్వాత వరహాలమ్మ భర్త పోయాడు. పిల్లల్లేరు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యిమీద వండుకుంటూ, ఉప్పు ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు కేకలేసుకుంటూ ముసలివాళ్ళయిపోయారు.

ఇప్పుడు వరహాలమ్మ గుండెలో కవాటం పాడైంది. కాకినాడ డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు, ఉగాది వెళ్ళగానే రమ్మన్నాడు. ఎన్నో ఆపరేషన్లు చూసిన మనిషి, ఆమెకి కత్తంటే భయం లేదు. బల్లమీదే పోతే ఇల్లేమవుతుందన్నదే దిగులు. విల్లు లేకుండా పోతే ఇల్లు ఆమె బావగారి కొడుకు సూరిబాబుకి పోతుంది. ఆ సంగతి సూరిబాబూ ఎరుగును. పిన్నిని చూడ్డానికి వచ్చిన ప్రతిసారీ ఒక చేత్తో బత్తాయిలు, ఇంకో చేత్తో కొలత టేపు తెచ్చేవాడు. "ఒంట్లో ఎలా ఉంది పిన్నీ?" అంటూనే వీధివైపు గోడ కొలిచేవాడు. కింద షాపులు, పైన ఫంక్షన్ హాలు కట్టాలని ప్లాను కూడా గీయించాడు. ఆ ప్లానులో తాయారు పడుకునే గది ఉన్నచోట జనరేటరు ఉంది.

తాయారుకి భయం. భయపడుతున్నందుకు సిగ్గు. అక్క గుండె గురించి బెంగపడాల్సిన మనిషిని, గోడల గురించి బెంగపడుతున్నానేమిటని తనని తానే తిట్టుకునేది. "నాకెందుకక్కా ఇల్లు, నువ్వు చల్లగా తిరిగొస్తే చాలు" అనేది. అనేసి, మంచంమీద అటూ ఇటూ దొర్లుతూ, ఈ వయసులో ఎవరి పంచన చేరాలా అని ఆలోచించేది.

దస్తావేజులు రాసే అవతారం ఒక్క కాగితంలో విల్లు రాసిపెట్టాడు. ఇల్లూ, ఇంట్లో సామానూ తాయారుకి. అంతే.

"రిజిస్టరు చెయ్యకపోయినా చెల్లుద్దండి నర్సమ్మగారూ" అన్నాడు అవతారం. "కానీ అవతలున్నది సూరిబాబుగారు కదండీ. రేపు ఇది మీ సంతకమే కాదంటాడు. మీకు మతి లేదంటాడు. తాయారు బలవంతంగా రాయించుకుందంటాడు. అదే ఆఫీసులో రిజిస్టరైపోతే వాడికి కాస్త నోరు లేవదు."

మొదటిరోజు వరహాలమ్మ ఊళ్ళో అందరూ గౌరవించే ఇద్దరిని వెంటబెట్టుకెళ్ళింది. ఒకరు శేషయ్య మాస్టారు, ఇంకొకరు మందులషాపు కనకారావు. వరండాలో నేలమీద కొత్తగా పసుపు గీత గీసి, "లబ్ధిదారులు ఈ గీత దాటరాదు" అని రాశారు. ఇల్లు తనకే వస్తుంది కాబట్టి తాయారు గీత ఇవతలే ఆగిపోయింది. కిటికీ తెరిచే ఉంది కనక అన్నీ కనబడుతూనే ఉన్నాయి, వినబడుతూనే ఉన్నాయి. వినకూడదని మాత్రం రూలు లేదు, ఇంకా.

పరాంకుశంగారు కళ్ళజోడు సర్దుకుని మాస్టారిని ఎగాదిగా చూశాడు. "విల్లుకర్తతో తమ పరిచయ స్వభావమేమి?"

"మా ముగ్గురు పిల్లలూ ఆవిడ చేతిమీద పుట్టినవాళ్ళేనండి" అన్నాడు మాస్టారు.

"అనగా తమకు సదరు విల్లుకర్త యెడల కృతజ్ఞత కలదు."

"ఉండకుండా ఎలా ఉంటుందండీ."

పరాంకుశంగారు కలం కిందపెట్టాడు. "విల్లుకర్త వలన సాక్షి ఎట్టి లబ్ధీ పొంది ఉండరాదు. సంతానమును మించిన లబ్ధి ఏమున్నది మాస్టారూ? తమరు ముమ్మారు పొందారు."

"పిల్లల్ని ఆవిడిచ్చిందంటారేంటండీ, మా ఆవిడ కదా..."

"ఆ వివరములు విభాగమునకు అక్కరలేదు" అని, పరాంకుశంగారు కనకారావు వైపు తిరిగాడు. "తమరు విల్లుకర్తకు మందులు విక్రయించుచున్నారా?"

"ఆయ్. బీపీవి, గుండెవి."

"ఆమె జీవించియున్నంత కాలము తమకు వ్యాపారము. కావున ఆమె జీవించవలెనని తమరు కోరుకొందురు. అది పక్షపాతము."

"మనిషి బతకాలనుకోవడం కూడా తప్పేనాండి?"

"తప్పని మేము అనలేదు. అనర్హత." ఆయన రెండు కాగితాలమీదా టపటపా ముద్ర కొట్టాడు. సానుభూతి దోషము.

రెండోసారి వరహాలమ్మ జాగ్రత్తపడింది. తనంటే ఏ మాత్రం సానుభూతి లేనివాళ్ళు కావాలని బస్టాండుకి వెళ్ళి, పక్క జిల్లా నుంచి గాజులమ్ముకోవడానికొచ్చిన ఇద్దరిని బతిమాలి తెచ్చింది.

"ఈమె ఎవరు?" అని పరాంకుశంగారు వాళ్ళని అడిగాడు.

"వరహాలమ్మగారండి."

"ఎట్లు ఎరుగుదురు?"

"ఇందాకే చెప్పారండి. ఆధార్ కార్డు కూడా చూపించారు."

"తమరు ఎరిగినది కార్డును. మనిషిని కాదు." మళ్ళీ ముద్ర. పరిచయ లేమి.

వరహాలమ్మకి ఒళ్ళు మండింది. "తెలిసినవాళ్ళు పనికిరారు. తెలియనివాళ్ళూ పనికిరారు. ఇంకెవర్ని తేనండీ మరి?"

ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నట్టు పరాంకుశంగారి మొహం వెలిగిపోయింది. "మా విధానములోని సారమును మీరు పట్టుకున్నారమ్మా. సాక్షి విల్లుకర్తను క్షుణ్ణంగా ఎరిగి ఉండవలెను. అంత ఎరిగియూ ఆమెపై ఎట్టి అభిమానమూ లేకుండవలెను. అట్టివారే నాణ్యమైన సాక్షులు."

"అంటే నా శత్రువుని తెమ్మంటారు."

"శత్రువు అను పదము మా సర్క్యులరులో లేదమ్మా. అభిమానరహిత పరిచితుడు అని ఉన్నది."

ఆవేళ మధ్యాహ్నం ఇంట్లో చింతపండు పిక్కలు తీస్తూ ఇద్దరూ శత్రువుల కోసం వెతికారు. ఎవర్ని తలుచుకున్నా వాళ్ళ అమ్మ నొప్పులు పడిన రోజు గుర్తొచ్చేది. వీడు ఎదురుకాళ్ళతో పుట్టాడు, వీడు పుట్టి ఏడవకపోతే వీపుమీద ఒకటిచ్చాం, ఇలా సాయంత్రమైంది. చింతపండు అయిపోయింది గాని శత్రువు దొరకలేదు.

"నూకరాజు లేడూ?" అంది తాయారు చివరికి. "పాలల్లో నీళ్ళు పోస్తున్నావని మొన్న వీధిలో నిలబెట్టి దులిపేశావు కదా. వాడికి నువ్వంటే మంటే ఉంటది."

పాల నూకరాజుని పిలిచి అడిగితే వాడు నొచ్చుకున్నాడు. "అదేటమ్మా, మీరు తిడితే మాకు కోపమేటి. అయినా నిజంగానే నీళ్ళు పోశాను కదా." కానీ సంగతి విన్నాక ఒప్పుకున్నాడు. అవతారం వాడికి దస్తావేజులు పక్కనపెట్టి మరీ నేర్పాడు, ఎలా మొహం పెట్టాలో, ఏ మాటకి ఏం చెప్పాలో.

ఈలోపు ఊళ్ళో ఈ వార్త పాకిపోయింది. నర్సమ్మగారికి అభిమానం లేనివాళ్ళు కావాలట. ఇక చూడండి, ఊరంతా ఆమె మీద అభిమానంతో ఆమెను చీదరించుకోవడం మొదలుపెట్టింది. ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవారు. అరటిపళ్ళ సుభద్ర అందరూ వినేలా "ఈ ముసలావిడ ఎప్పుడు పోద్దో" అని గట్టిగా అని, తాయారు సంచిలో అరడజను పళ్ళు చాటుగా పడేసి, వినాయకుడి పటం ముందు లెంపలేసుకుంది. తాయారుకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంతమంది ఉండి, సంతకం పెట్టడానికి ఒక్కరు లేకపోవడం ఏం ఖర్మో ఆమెకు అర్థం కాలేదు.

షెడ్డు కింద పెద్దమనుషులు కూడా కాలంతోపాటు మారారు. "ఇచ్చట అభిమానరహిత పరిచితులు లభించెదరు" అని గవర్రాజు అట్టముక్క వేలాడదీశాడు. గారెలు పోయి పెసరట్టు ఉప్మా వచ్చింది. శత్రుత్వమంటే అంత తేలికైన పనా మరి. అయితే పరాంకుశంగారు ఊరుకుంటాడా? అభిమానం లేదనడానికి రుజువు కావాలన్నాడు. విల్లుకర్తకీ సాక్షికీ తగువు జరిగినట్టు ఇద్దరు సాక్షులు చెప్పాలి. ఆ ఇద్దరి యోగ్యతకి తలా ఇద్దరు చెప్పాలి. ఆ లెక్కన ఒక్క విల్లుకి మండలమంతా చాలదని అవతారం తేల్చాడు. పైగా విల్లుకర్త కంటే సాక్షి ముందు పోతే నాణ్యత దెబ్బతింటుందని, సాక్షులందరూ గుండె పరీక్ష చేయించుకు రావాలన్నాడు. వరహాలమ్మ తన గుండె డాక్టరుకి చూపించుకోవడానికి వెళితే, అక్కడ తనకంటే ముందు ఎవరెవరి విల్లులకో సాక్షులు వరసలో నిలబడి ఉన్నారు.

నూకరాజు తగువుని వీధి వీధంతా చూసింది కనక రుజువు గండం గట్టెక్కింది. వాణ్ణి లోపలికి పిలిచారు. గీత ఇవతల తాయారు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"విల్లుకర్త మరణవార్త విన్నచో మీకేమనిపించును?" అన్నాడు పరాంకుశంగారు.

"ఏమీ అనిపించదండి. ఆవేళ కూడా పాలు పోస్తానండి."

"ఎవరికి?"

"పక్కింటివాళ్ళకండి."

పరాంకుశంగారు తలపంకించాడు. ఎన్నాళ్ళకో ఒక మనిషి దొరికినట్టు నూకరాజుని ఆప్యాయంగా చూసి, ముద్ర కోసం సొరుగు లాగాడు. అప్పటికి వరహాలమ్మ చాలాసేపట్నుంచి నిలబడే ఉంది. ఆయాసమొచ్చి గుండెమీద చెయ్యేసుకుని గోడకి జారగిలబడింది. నూకరాజు పక్కనున్న కుర్చీ లాగి, ఫ్యాను కిందకి జరిపి ఆమెను కూర్చోబెట్టాడు.

పరాంకుశంగారు సొరుగు మూసేసి, పైకి చదువుతూ రాశాడు. "సాక్షి అభ్యర్థి విల్లుకర్తకు కుర్చీ జరిపెను. అనర్హుడు."

నూకరాజు బయటికొచ్చి వరండా మెట్లమీద కూలబడ్డాడు. "సెయ్యి దానంతటదే ఎల్లిపోయిందమ్మా" అన్నాడు తాయారుతో, కళ్ళు తుడుచుకుంటూ. తాయారు వాడి వీపు నిమిరింది.

ఉగాది దగ్గరపడుతోంది. విల్లు మాత్రం అలాగే మడతపెట్టి తలగడ కింద ఉంది. సూరిబాబు మళ్ళీ వచ్చి ఈసారి పెరడు కూడా కొలిచి వెళ్ళాడు. తాయారుకి అన్నం సయించడం మానేసింది. "ఆ ఆఫీసూ వద్దు, ఆ సంతకాలూ వద్దు. నిన్ను నిలబెట్టి నిలబెట్టి ముందే చంపేసేలా ఉన్నారు" అంది. వరహాలమ్మ వినిపించుకోలేదు.

సరిగ్గా అప్పుడే జిల్లా అధికారిగారు తనిఖీకి వచ్చారు. పరాంకుశంగారు నివేదిక చదివి వినిపించాడు. "విభాగము ప్రారంభమైనది మొదలు నాణ్యత లేని విల్లు ఒక్కటియు ఈ కార్యాలయమున రిజిస్టరు కాలేదు."

"నాణ్యత ఉన్నవి?" అన్నారు జిల్లా అధికారిగారు.

"అవియును కాలేదండి."

"ఒక్కటి చూపించవయ్యా. పైవాళ్ళకి ఫొటోలు పంపాలి. సభ పెట్టు. మొదటి సాక్షికి ఆదర్శ సాక్షి పురస్కారం ఇద్దాం. శాలువా, జ్ఞాపిక, కేబుల్ టీవీ అన్నీ ఉండాలి."

పరాంకుశంగారికి నిద్రపట్టలేదు. సర్క్యులరు ముందు పెట్టుకుని ఊరి జనాన్నంతా ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ పోయాడు. మూడోరోజు స్వయంగా వరహాలమ్మ ఇంటికి వచ్చాడు, ఎంతో పెద్ద లెక్క తేలినంత ఆనందంతో.

"మీ సాక్షి దొరికాడమ్మా. చిన్ననాటినుంచీ మిమ్మల్ని క్షుణ్ణంగా ఎరిగినవాడు. ఈ విల్లులో వానికి చిల్లిగవ్వ రాదు. అభిమానము బొత్తిగా లేదు. గుండె రాయివలె ఉన్నదని డాక్టరు ధ్రువీకరించాడు. మీ మరణవార్త విన్నచో ఏమనిపించునని నిన్న నేనే అడిగాను. జాగా ఖాళీ అవుద్ది అన్నాడు. ఇంత నిర్మలమైన జవాబు నా సర్వీసులో వినలేదు."

తాయారు చేతిలో కాఫీ గ్లాసు జారిపోయింది. ఎవరో చెప్పక్కర్లేకపోయినా ఆయన చెప్పాడు. "సూరిబాబుగారు. రెండవ సాక్షిగా వారి సతీమణి."

వరహాలమ్మ మెల్లిగా అడిగింది. "వాడికి విల్లు చదివి వినిపిస్తారాండి?"

"ససేమిరా. చదివినచో అభిప్రాయము ఏర్పడును. అభిప్రాయము గల సాక్షి అనర్హుడు."

"అలాగాండి. అయితే వాణ్ణే పెట్టండి."

ఆయన వెళ్ళాక తాయారు గాజుపెంకులు ఏరుతూ బావురుమంది. "నీకు మతి పోయిందా అక్కా? ఎవరి నోట్లోంచి ఇల్లు తప్పించాలని చూస్తున్నావో వాడి చేతిలోనే పెడతావా కాగితం?"

"మతి పోయిందో లేదో వాడే చెబుతాడులే" అంది వరహాలమ్మ. "నువ్వు ఆ పెంకులు జాగ్రత్తగా ఎత్తు."

సూరిబాబు గురించి ఇంకో సంగతి చెప్పాలి. అతనికి జాగాలంటే ఇష్టం, కాదనను. కానీ శాలువాలంటే ప్రాణం. ఊళ్ళో ఏ సభ జరిగినా ముందు వరసలో మెడ కాస్త ముందుకి వంచి, శాలువా వేయడానికి వీలుగా కూర్చునేవాడు. పుట్టినరోజుకి తన ఫ్లెక్సీలు తనే కట్టించుకునేవాడు. పురస్కారం మాట చెవినపడ్డ గంటలో బస్టాండు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. దణ్ణం పెడుతున్న సూరిబాబు, చుట్టూ పావురాలు. "ఆదర్శ సాక్షిగా ఎంపికైన సంఘసేవకులు సూరిబాబుగారికి శుభాకాంక్షలు. ఇట్లు, సూరిబాబు యువసేన." అలాంటిదే ఇంకోటి, మరీ పెద్దది, రిజిస్ట్రారు ఆఫీసు గేటుకి కట్టించాడు.

పిన్ని ఏం రాసిందోనన్న అనుమానం అతనికి రాకపోలేదు. కానీ దానికి అతనే సమాధానం చెప్పుకున్నాడు. ఇల్లు ఎలాగూ తనదే, దానికి విల్లెందుకు? ముసలావిడ ఏ గాజులో గిన్నెలో తాయారుకి రాస్తుంది. రాసుకోనీ.

సభరోజు ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. పసుపు గీతని షామియానా దాకా పొడిగించారు. తాయారు దాని ఇవతల నూకరాజు పక్కన నిలబడింది. ఊరంతా వచ్చింది గాని, ఎవరూ వరహాలమ్మను పలకరించలేదు, మళ్ళీ ఏ దోషం అంటుకుంటుందోనని.

వరహాలమ్మ బల్ల దగ్గర కూర్చుని, అందరూ చూస్తుండగా సంతకం పెట్టింది. సూరిబాబు పట్టుపంచెతో వచ్చి పెన్ను అందుకున్నాడు. పెట్టబోతూ ఆగాడు. "ఏం రాశావు పిన్నీ?" అంటూ కాగితం పై మడత మీద వేలు పెట్టాడు.

తాయారు కాలు పసుపు గీత అంచుదాకా వెళ్ళి ఆగింది.

"చదువుకోరా. నేనొద్దన్నానా?" అంది వరహాలమ్మ. "ఆయన్నోసారి అడుగు."

పరాంకుశంగారు గొంతు సవరించుకున్నాడు. "సూరిబాబుగారూ, ఒక్క అక్షరము కంటబడినను తమరు అనర్హులు. శాలువా వెనక్కి వెళ్ళిపోవును."

సూరిబాబు కాగితం వంక చూశాడు. పళ్ళెంలో మడతపెట్టి ఉన్న శాలువా వంక చూశాడు. గేటు మీద తన ఫ్లెక్సీ వంక చూశాడు. కెమెరా పట్టుకున్న కుర్రాడు, "కాస్త ఇటు తిరగండి సార్" అన్నాడు. సూరిబాబు ఇటు తిరిగి, చిరునవ్వుతో కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

"సంతకము పెట్టు చోటు మాత్రము చూడవచ్చును" అన్నాడు పరాంకుశంగారు.

అతను పెట్టాడు. రెండో సాక్షికిస్తామన్న పట్టుచీర కోసం పక్కనే ఎదురుచూస్తున్న అతని భార్య కూడా పెట్టింది. ముద్ర పడింది. జిల్లా అధికారిగారు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. మైకు అందితే సూరిబాబు త్యాగం గురించి మాట్లాడకుండా వదలడు. త్యాగం అయ్యాక వరహాలమ్మ కుర్చీలోంచే అంది. "ఒరే సూరిబాబూ, నాకు మతి స్థిమితంగా ఉందని కూడా నాలుగు ముక్కలు చెప్పరా. పెద్దలు వింటున్నారు."

"చెప్పకుండా ఉంటానా పిన్నీ" అన్నాడు సూరిబాబు. "మా పిన్నిగారి బుర్ర పాదరసమండి. ఎవరి బలవంతమూ లేకుండా, నా కళ్ళముందు, నవ్వుతూ సంతకం పెట్టారు. ఆవిడ ఏం రాసినా ఆ రాతకి కట్టుబడి ఉంటాను. ప్రాణం పోయినా మాట తప్పను. ఈ సూరిబాబు సంగతి మీకందరికీ తెలుసు."

చప్పట్లు మారుమోగిపోయాయి. ఆ ఊళ్ళో సూరిబాబుకి అన్ని చప్పట్లు అంతకుముందెప్పుడూ పడలేదు. అందరికంటే గట్టిగా కొట్టింది నూకరాజు. తాయారు మాత్రం కొట్టలేదు. అక్కని చూస్తూ గీత ఇవతలే కింద కూర్చుండిపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. వరహాలమ్మ తిరిగొచ్చి, ఉప్పు తగ్గించమన్న డాక్టర్ని తిడుతూ ఇంకో మూడు వానాకాలాలు చూసింది. ఈలోపు పరాంకుశంగారికి ప్రమోషనొచ్చి, కొండమీది ఊళ్ళో తనే శిక్షణ ఇవ్వడానికి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినాయన బోర్డు తీయించి, దాని వెనకవైపు "పాన్ నమలరాదు" అని రాయించాడు. షెడ్డు కింద మళ్ళీ గారెలు వచ్చాయి.

ఒకరోజు పొద్దున్న వరహాలమ్మ కాఫీ తాగుతూ, చక్కెర లేదేమిటే అని అడిగి, తాయారు చక్కెర తెచ్చేలోగా పోయింది. తాయారు ఆ చెంచా చేతిలో పట్టుకునే ఏడ్చింది. ఇల్లు ఉంది, అక్క లేదు. ఇన్నాళ్ళూ ఇంటి గురించి పడిన భయమంతా ఆమెకి అప్పుడు వట్టి తెలివితక్కువగా అనిపించింది.

పెద్దకర్మ అయిన మర్నాడు సూరిబాబు టేపు తీసుకొచ్చాడు. తాయారు విల్లు కాగితం తెచ్చి ఇచ్చింది. అతను చదివాడు, తిరగేసి కింద తన సంతకం చూసుకున్నాడు, మళ్ళీ చదివాడు. తిన్నగా ప్లీడరు దగ్గరికి పరిగెత్తాడు. పిన్నికి మతి లేదన్నాడు, బలవంతంగా రాయించారన్నాడు. ప్లీడరు ఊరివాడే. పుట్టి ఏడవకపోతే వీపుమీద ఒకటి తిన్నవాడే. అతను సెల్లులో కేబుల్ టీవీ వాళ్ళ వీడియో పెట్టి చూపించాడు.

"ప్రాణం పోయినా మాట తప్పనన్నారండి ఇందులో" అన్నాడు. "ఇప్పుడు రెంట్లో ఏదో ఒకటి పోవాలి."

సూరిబాబు వీడియో చివరిదాకా చూశాడు. శాలువా కప్పే చోట ఇంకోసారి చూశాడు. లేచి వెళ్ళిపోయాడు.

ఆషాఢంలో ఓరోజు ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. తడిసి ముద్దయిన మనిషెవరో పెరటి వాకిట్లోకి పరిగెత్తుకొచ్చి వంటింటి పంచలో నిలబడ్డాడు. తాయారు చూస్తే సూరిబాబు. కోపం తీర్చుకోవడానికి వచ్చాడో, ఆరోజు మర్చిపోయిన టేపు కోసం వచ్చాడో అతనికే తెలియదు. వంటింటి పెంకులు పగిలి కిందటేడు కారిపోతుంటే, ఆఫీసు గేటుకి కట్టిన ఫ్లెక్సీని నూకరాజు విప్పి తెచ్చి కప్పాడు. పంచలో నిలబడి తలెత్తితే వెదుళ్ళ సందుల్లోంచి పావురాల మధ్య దణ్ణం పెడుతూ సూరిబాబే కనిపిస్తాడు. అతను తలెత్తి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

అతను నిలబడ్డచోట జల్లు కొడుతోంది. ఈ మనిషి తన గది ఉన్నచోట జనరేటరు పెడదామనుకున్నవాడని తాయారుకి బాగా గుర్తే. అయినా చెయ్యి దానంతటదే వెళ్ళి, అక్క కుర్చీని లోపలి గోడవైపు జరిపింది.

"ఇటొచ్చి కూర్చో బాబూ" అంది. "ఇక్కడ కారదు."